నాలుగో ఫొటో

ఎమ్మిగనూరు
జనవరి 17

మేరీకి,

హేమలత రాస్తున్నది. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని అనుకోకు. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను, అందులో మాట్లాడితే వీధంతా వింటుంది. పైగా ఫోన్‌లో అయితే నా నోరు నా మాట వినదు. కాగితం మీద కాస్త ఆగి మాట్లాడతాను. మా వీధి ఉచ్చీరప్పన్న రోజూ పత్తి లోడుతో ఆదోని మార్కెట్ యార్డుకే వస్తాడు కదా, దీన్ని మీ స్టూడియోలో నీ చేతికే ఇమ్మని చెప్పాను.

కవరులో ఒక అట్టముక్క పెట్టాను, చూడు. నిన్న జాతర అంగళ్ళలో మా ఆయన బాలుకు దొరికింది. చీర పెట్టి అమ్మే డబ్బా మీది అట్ట. దాని మీద ఉన్నది మా అత్త నరసమ్మ. వేళ్ళకు బూడిద రాసుకుని, కొత్త పడుగు దారాన్ని పాత పడుగు కొసకు మెలిపెడుతున్న ఫొటో. రెండేళ్ళ కిందట నువ్వు కెమెరా తీసుకుని మా ఇంటికి వచ్చిన రోజుది. కింద పెద్ద అక్షరాలతో "అచ్చమైన చేనేత" అని వేశారు. లోపలున్న చీర మాత్రం పవర్‌లూమ్ మీద నేసింది. మా అత్త దాని అంచును ఒకసారి వేలితో తడిమి పక్కన పెట్టేసింది.

"ఇది నా మొగమేనా?" అని అడిగింది. అవునన్నాను. "నా మొగం వాళ్ళకు ఎవురిచ్చినారు మే?" అంది. నేనేం చెప్పాలో నువ్వే చెప్పు.

ఆ ఫొటో నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. నువ్వు అమ్ముకున్నావని నేను అనుకోవడం లేదు. పదో తరగతి దాకా ఒకే బెంచీలో కూర్చున్నదాన్ని, నీ సంగతి నాకు తెలుసు. కానీ అది వాళ్ళ చేతికి ఎలా వెళ్ళిందో చెప్పు. ఉచ్చీరప్పన్న జవాబు తీసుకునే వస్తానన్నాడు.

హేమలత


ఆదోని
జనవరి 21

హేమలతా,

నీ అట్టముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ముందే చెబుతున్నాను, నేను దాన్ని ఎవరికీ అమ్మలేదు. ఇచ్చాను. వాళ్ళకని కాదు, అందరికీ.

కాస్త ఓపికగా విను. ఇంటర్నెట్‌లో ఎమ్మిగనూరు అని వెతికితే బస్టాండు బోర్డు, ఎవరిదో పెళ్ళి మండపం వచ్చేవి. ఆదోని అని వెతికితే పత్తి బోరాలు కనిపించేవి, వాటిని మోసేవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. మా నాన్న ఇశ్రాయేలు జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మిల్లు లోపల ఆయన ఫొటో ఒక్కటీ లేదు. ఆయన పోయినప్పుడు పెట్టడానికి ఓటరు కార్డులోదే పెద్దది చేయించాం. ఆ రోజు నుంచీ నాకొక పట్టుదల. స్టూడియోలో పొద్దంతా పాస్‌పోర్టు ఫొటోలు తీసి, ఆదివారాలు చర్చి నుంచి నేరుగా కెమెరాతో తిరిగేదాన్ని. అలా తీసినవాటిలో నూట నలభై ఏరి, పోయిన వేసవిలో ఒక సైటులో ఓపెన్ లైసెన్సు కింద పెట్టాను.

ఓపెన్ లైసెన్సు అంటే నా ఫొటోను ఎవరైనా తీసుకోవచ్చు, పుస్తకంలో వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్మే సరుకు మీదైనా వేసుకోవచ్చు. నన్ను అడగనక్కర్లేదు. తీసినవాళ్ళ పేరు వేస్తే చాలు. హాలహర్వి దగ్గర ఒక కన్నడ మాస్టరు మగ్గాల ఫొటోలు పిల్లల పాఠంలో పెట్టి, కింద నా పేరు వేసి పంపాడు. ఆ రోజు నాకు ఆకలే తెలియలేదు, అంత సంతోషం.

ఈ పవర్‌లూమ్ వాళ్ళు పేరు వేయలేదు. అంటే నియమం తప్పారు. గట్టిగా రాస్తున్నాను. నువ్వు నిబ్బరంగా ఉండు, నరసమ్మ పెద్దమ్మకు కూడా చెప్పు.

మేరి


ఎమ్మిగనూరు
ఫిబ్రవరి 1

మేరీ,

నిబ్బరంగా ఉండమన్నావు. ఇక్కడ ఏం జరుగుతోందో చెబుతాను, తర్వాత ఎవరు నిబ్బరంగా ఉండాలో చూద్దాం.

మా పేట నేతగాళ్ళ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. పవర్‌లూమ్ సరుకుతో చేయి కలిపినవాళ్ళకు సంఘం నూలు ఇవ్వదు. ఎంత చుట్టమైనా సరే. పోయినేడు ఒకరు ఆ చీరలు రహస్యంగా తెచ్చి చేనేత అని అమ్మితే, వాళ్ళ మగ్గం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఇప్పుడు మా అత్త ముఖమే ఆ డబ్బాల మీద ఊరూరా తిరుగుతోంది. సంఘం పెద్ద చెన్నప్ప మొన్న వచ్చి, కూర్చోకుండానే అడిగాడు. "నరసక్కా, నువ్వు ఒప్పుకోకుండా నీ ఫొటో యాడ నుంచి పోయింది వాళ్ళకి?" అన్నాడు. మా అత్త నలభై ఏళ్ళుగా ఆ సంఘానికి నేసింది. లెక్క తప్పిన అంచు ఒక్కటి కూడా ఇచ్చి ఎరగదు.

నువ్వు అందరికీ ఇచ్చానన్నావు. బాగుంది. ఫొటో నీది కావచ్చు, ముఖం ఎవరిది? ఇచ్చే ముందు ఆమెను ఒక్క మాట అడిగావా? ఆ నూట నలభైలో ఎంతమంది ముఖాలున్నాయో, వాళ్ళలో ఎవరినైనా అడిగావా?

నిన్ను తిడుతున్నాను గానీ, ఇందులో నాకూ భాగముంది. అచ్చు అతికే రోజున, అంటే పాత పడుగుకు కొత్తది కలిపే రోజున, బయటివాళ్ళను మగ్గం గదిలోకి రానివ్వకపోవడం మా అత్త పద్ధతి. నువ్వు గడప బయటే నిలబడి, కెమెరా నా చేతికిచ్చి, "ఇక్కడ నొక్కు" అని చెప్పావు. నేను మగ్గం గుంటలో ఒక కాలు పెట్టి, మోకాళ్ళు నొప్పి పుట్టేలా వంగి నొక్కాను. ఆ రోజు కుదరదని చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. మా అత్తను నా చేత్తోనే బజారులో పెట్టాను.

ఆ ఫొటో వెనక్కి తీసుకో. నీ నియమాలన్నీ నాకొద్దు. తీసుకున్నానని ఒక్క ముక్క రాసి పంపు, చెన్నప్పకు చూపిస్తాను.

హేమలత


ఆదోని
ఫిబ్రవరి 8

హేమలతా,

ఆలస్యమైనందుకు ఏమనుకోకు. పెళ్ళిళ్ళ సీజను, ఊపిరాడలేదు.

ఆ చీరలు అమ్మే షాపువాళ్ళకు రాశాను. నాలుగో రోజే జవాబు వచ్చింది, చాలా మర్యాదగా. "మేడం, పేరు వేయకపోవడం మా పొరపాటే. ఇకమీదట డబ్బాలన్నిటి మీద మీ పేరు, లైసెన్సు పేరు వేస్తాం" అన్నారు. అలా వేస్తే వాళ్ళను అనడానికి నా దగ్గర ఏమీ మిగలదు. నేను ఇచ్చిన అనుమతిలో వాళ్ళు ఉన్నట్టే.

వెనక్కి తీసుకోమన్నావు. ఈ లైసెన్సులో ఉన్న సంగతే అది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడానికి లేదు. సైటు నుంచి తీసేసినా, అప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గర అది చెల్లుతూనే ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఎవరో పుస్తకం వేసి ఉంటారు, బొమ్మ గీసి ఉంటారు, వాళ్ళను మధ్యలో ముంచకూడదని ఆ ఏర్పాటు. పెట్టేటప్పుడు నాకు అది చాలా గొప్పగా అనిపించింది.

పెద్దమ్మను అడగలేదు. నిజమే. అడగాలని తట్టలేదు. మిగతా ముఖాలున్న ఫొటోలన్నీ ఒక్కొక్కటే చూస్తున్నాను, ఇప్పుడు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అడగాలి.

ఆ రోజు సంగతులు, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అన్నవి ఇప్పుడెందుకులే. జరగాల్సింది చూద్దాం. కావాలంటే నేనే వచ్చి చెన్నప్పగారికి లైసెన్సు సంగతి వివరంగా చెబుతాను.

మేరి


ఎమ్మిగనూరు
ఫిబ్రవరి 20

మేరీకి,

నువ్వు రానవసరం లేదు. నీ పేరు వచ్చేసింది.

కొత్త డబ్బాల మీద చిన్న స్టిక్కరు అంటించారు. మా అత్త గడ్డం కింద "ఫొటో: మేరి, ఆదోని" అని ఉంది. చెన్నప్ప ఒక డబ్బా తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. "ఈ మేరి నీ కోడలి స్నేహితురాలే గదా నరసక్కా. మీ ఇంటికి వచ్చి పోయే మనిషే గదా. ఇంకా నాకు తెలీదంటే ఎట్ల నమ్మేది?" అని అడిగాడు. ఇంతకుముందు ఎవరో దొంగిలించారని చెప్పుకునే దారైనా ఉండేది. నువ్వు గట్టిగా రాసి, అది కూడా లేకుండా చేశావు.

ఈ వారం నూలు ఇవ్వలేదు. అమావాస్య రోజు మగ్గాలన్నీ ఆగుతాయి కదా, ఆ రోజు సంఘం కూర్చుంటుంది. మా అత్త పేరు ఉంచాలా కొట్టేయాలా అని అడుగుతారు. ఉన్న పడుగు మూడు మూరలుంది. అది అయిపోతే అతకడానికి కొత్త పడుగు లేదు. దాన్ని అవగొట్టడం ఇష్టం లేక ఆమె మగ్గంలోకి దిగడమే మానేసింది. కుళాయి దగ్గరికి కూడా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పోతోంది. నాకు పెళ్ళై పన్నెండేళ్ళు, ఆమె తల దించుకుని నడవడం నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేకపోతున్నాను.

ఇంకొకటి. మీ స్టూడియో గోడకు ఒక సర్టిఫికెట్టు వేలాడుతోందని, పక్కనే మా అత్త ఫొటో ఇంత పెద్దది చేసి పెట్టారని ఉచ్చీరప్పన్న చెప్పాడు. ఫొటోల పోటీలో మొదటి బహుమతట. రెండు ఉత్తరాలు రాశావు, పాఠంలో వేసిన మాస్టరు సంగతి చెప్పావు, బహుమతి సంగతి చెప్పలేదు. నా దగ్గర దాచాల్సినంత పెద్దదా అది?

నాకు ఇంకేమీ రాయాలని లేదు.

హేమలత


ఆదోని
ఫిబ్రవరి 23

హేమలతా,

ఈ ఉత్తరం తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, చివరిదాకా చదువు.

ఆ ఫొటో నాది కాదు. నీది.

మీట ఎవరు నొక్కితే ఫొటో వాళ్ళదే. కెమెరా ఎవరిదైనా, పక్కన నిలబడి ఎవరు చెప్పినా అంతే. సైటులో పెట్టేటప్పుడు "ఇవి నేను స్వయంగా తీసినవే" అని ఒక గడి ఉంటుంది. నూట నలభైకీ కలిపి ఒక్కసారే టిక్కు పెట్టాను. నాది కానిదాన్ని అందరికీ ఇచ్చే హక్కు నాకెక్కడిది? కాబట్టి ఆ ఫొటోకు నేనిచ్చిన లైసెన్సు మొదటి నుంచీ చెల్లదు. వాళ్ళు నా పేరు వేసినా చెల్లదు. తీసేయమని చెప్పే హక్కు నీకుంది.

పెట్టిన రోజు నిజంగానే గుర్తు రాలేదు. బహుమతి వచ్చిన రోజు వచ్చింది. కెమెరా నాది, వెలుతురు చూసి అన్నీ సరిచేసి ఇచ్చింది నేను, నొక్కడం ఒక్కటేగా హేమలతది అని సర్దిచెప్పుకున్నాను. ఫిబ్రవరి ఒకటిన నువ్వే రాశావు, గుంటలో కాలు పెట్టి వంగి నొక్కానని. ఆ వాక్యం దగ్గర ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను. ఒప్పుకుంటే సర్టిఫికెట్టు పోతుంది, హైదరాబాదులో ఫొటోలు తీయడం మీద పాఠం చెప్పడానికి పిలిచారు, అది పోతుంది, స్టూడియో ఓనరు ముందు తల ఎత్తుకోలేను. అందుకే "ఆ రోజు సంగతులు ఇప్పుడెందుకులే" అని రాశాను. మీ మగ్గం ఆగుతోందని తెలిసే రాశాను. ఇంతకంటే నీచమైన పని నేను ఎప్పుడూ చేయలేదు.

ఇంకొక మాట ఉంది. అది రాయకపోతే సగమే చెప్పినట్టు. ఆ ఫొటో కుడి మూల చూడు. గుంట పక్కన ఒక మోకాలు, ఒక చెంబు కనిపిస్తాయి. అది ఉచ్చీరప్పన్న. నూలు కట్ట తెచ్చి, లోపల కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. ఆయనా మీ ఇంటివాడు కాదు. బయటివాళ్ళు రాకూడని రోజు ఆయన లోపల ఎందుకున్నాడో, నేను బయట ఎందుకున్నానో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకుండానే తెలిసింది. గదిలోకి రానివ్వలేదు, ఫొటో అయినా నాదే అనే మొండితనం ఎక్కడో ఉంది. పెద్దమ్మను అడగాలని తట్టలేదని రాశాను కదా, తట్టకపోవడానికి అదే కారణమేమో. దీనితో నా తప్పు తగ్గదు. నీకు తెలియాలని రాస్తున్నాను, అంతే.

సైటులో జరిగింది జరిగినట్టు రాసి, ఫొటో తీయించేశాను. షాపుకు రాశాను. సర్టిఫికెట్టు వెనక్కి పంపాను, గోడ మీది ఫొటో దించాను. చెన్నప్పగారికి సంతకం పెట్టి ఒక కాగితం రాశాను, ఇందులోనే ఉంది. నరసమ్మ పెద్దమ్మకు గానీ నీకు గానీ ఏమీ తెలియదని, తప్పంతా నాదని ఉంది.

ఆ రోజు నువ్వు నొక్కినవి మొత్తం నాలుగు. నాలుగూ ప్రింటు వేసి పెట్టాను. నాలుగోది నేను ఎక్కడా పెట్టలేదు. ఎందుకో చూస్తే నీకే తెలుస్తుంది.

మేరి


ఎమ్మిగనూరు
మార్చి 12

మేరీ,

అమావాస్య రోజు సంఘం ముందు నీ కాగితం నేనే చదివాను. కాగితమే, ఉత్తరం కాదు. చదవడం అయ్యాక చెన్నప్ప అడిగాడు.

"అయితే ఆ ఫొటో తీసింది ఎవురు?"

"నేనే."

"నువ్వు వాళ్ళకిచ్చినావా?"

"నేను ఎవురికీ ఇయ్యలేదు. ఇయ్యమని నన్ను ఎవురూ అడగలేదు."

తర్వాత ఫొటో యజమానిగా నా పేరు మీద, ముఖం ఆమెది కాబట్టి మా అత్త వేలిముద్రతో, షాపుకు ఒక ఫిర్యాదు రాయించారు. సంఘం ముద్ర వేసి పంపారు. షాపువాళ్ళు ఆ డబ్బాలు ఆపేశారు. అమ్ముడుపోయినవి ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటినిక ఎవరూ ఏమీ చేయలేరు. గూడూరులో మా చుట్టాలింట్లో ఒకటి ఉందట, పిల్లలు బలపాలు పెట్టుకుంటున్నారట. నూలు మాత్రం మూడో రోజున ఇంటికి వచ్చింది. మా అత్త ఆ మూడు మూరలూ నేసి, మొన్న కొత్త పడుగు అతికింది.

నీ మీద కోపం పోలేదు. తగ్గింది. చెబితే ఏమేం పోతాయో లెక్క వేసుకుని కూడా చెప్పావు, ఆలస్యంగానే అయినా. సర్టిఫికెట్టు వెనక్కి పంపినందుకు నాకు బాధగానే ఉంది, అది వేరే సంగతి.

ఉచ్చీరప్పన్న గురించి నువ్వు రాసింది చదివి మొదట నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో అలాంటిది లేదని నాలుగు పేజీలు రాశాను. కవరులో పెట్టే ముందు ఫొటో తీసి మూల చూశాను. మోకాలు ఉంది, చెంబు ఉంది. నాలుగు పేజీలూ పొయ్యిలో పెట్టాను.

నాలుగో ఫొటో చూశాను. నొక్కినట్టు నాకు గుర్తే లేదు, కెమెరా నీకు తిరిగి ఇవ్వబోతూ నొక్కినట్టున్నాను. నువ్వు గడప అవతల ఉన్నావు. చెప్పులు విడిచేశావు. ఒక చేయి ద్వారబంధం దాకా వచ్చి, తగలకుండా ఆగిపోయింది. మగ్గం వైపు చూస్తున్నావు. లోపలికి రమ్మంటారేమో అని చూస్తున్నట్టుంది.

మా అత్తకు ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"ఈ పాప ఎందుకు బయటుండాది?" అంది.

"నువ్వే రావద్దంటివి గదత్తా, అచ్చు అతికే రోజని."

"ఉచ్చీరప్ప లోపలే ఉండె గదా ఆ పొద్దు."

ఆమె ఫొటో తెచ్చి నా ఒళ్ళో పెట్టి మగ్గంలోకి దిగింది. సాయంత్రం దాకా నేసింది గానీ, రెండుసార్లు దారం తెంపుకుంది. దారం తెంపుకునే చేయి కాదు ఆమెది.

నేను తీసినవి నావే అయితే ఈ నాలుగోదీ నాదే. దాన్ని ఆ సైటులో పెట్టాలనుకుంటున్నాను. నీ లైసెన్సు కిందే, ఎవరైనా వాడుకునేలా, మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా. మన ఊరి మనుషులు ఎక్కడా కనిపించరని అన్నావు కదా. కనిపించేటప్పుడు ఇలా కూడా కనిపించాలి. మా ఇంటి గడపే కాబట్టి నేనే పెట్టాలి.

అయితే అందులోని ముఖం నీది. నువ్వు మా అత్తను అడగలేదు. నేను నిన్ను అడుగుతున్నాను. వద్దంటే ప్రింటు నా పెట్టెలో ఉంటుంది, ఇంకెవరూ చూడరు. ఇవ్వనా?

హేమలత


ఆదోని
మార్చి 15

హేమలతా,

ఇవ్వు.

సైటులో ఆ గడి దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, రెండుసార్లు చదివి టిక్కు పెట్టు. తీసినవారి పేరు అన్న చోట నీ పేరు, మీ ఊరి పేరు రాయి. దాని కింద వివరం రాయడానికి కొంచెం చోటు ఉంటుంది. ఫొటోలో ఉన్నది మేరి, ఆదోని మిల్లులో పనిచేసిన ఇశ్రాయేలు కూతురు అని రాయి. గడప బయట ఎందుకు నిలబడిందో అది కూడా రాయి.

రాసింది పెద్దమ్మకు చదివి వినిపించు. ఆమె సరేనంటేనే పెట్టు.

మేరి